మిత్రదేశం నుంచే ఉగ్రవాదులకు సొమ్ము అందుతుంటే ప్రభుత్వం ఏం చేయాలి?

పాతపుటలు (చర్చ ప్రారంభించినవారు):

సభ్యులకు నమస్కారం. చాలాకాలంగా నన్ను వదలని ఒక ప్రశ్నను మీ ముందు పెడుతున్నాను. 2016 సెప్టెంబరులో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. అమెరికా గడ్డపై జరిగిన ఉగ్రదాడికి ఏదైనా విదేశీ ప్రభుత్వం సాయపడిందని బాధితులు నమ్మితే, ఆ ప్రభుత్వంపైనే అమెరికా కోర్టుల్లో దావా వేయవచ్చన్నది దాని సారాంశం. బిల్లులో ఏ దేశం పేరూ లేకపోయినా, సౌదీ అరేబియాను దృష్టిలో పెట్టుకునే అది వచ్చిందని అందరికీ తెలుసు. 2001 సెప్టెంబరు 11 నాటి 19 మంది హైజాకర్లలో 15 మంది సౌదీ పౌరులే. ఒబామా ఆ బిల్లును వీటో చేశారు. సెనేట్ 97-1 తోనూ, ప్రతినిధుల సభ 348-77 తోనూ ఆ వీటోను తోసిపుచ్చాయి. ఎనిమిదేళ్ల పదవీకాలంలో ఆయన వీటో వీగిపోయింది ఆ ఒక్కసారే.

సార్వభౌమ దేశాలకు పరాయి కోర్టుల నుంచి ఉన్న రక్షణను ఈ రోజు మనం తీసేస్తే, రేపు మన సైనికులనూ దౌత్యవేత్తలనూ ఇతర దేశాలు తమ కోర్టులకు ఈడుస్తాయన్నది ఒబామా వాదన. మరోవైపు, ఈ బిల్లు చట్టమైతే 750 బిలియన్ డాలర్ల వరకు విలువైన అమెరికా ఆస్తులను అమ్మేయవలసి వస్తుందని సౌదీ హెచ్చరించినట్టు ఆ ఏడాది ఏప్రిల్‌లోనే పత్రికలు రాశాయి. విచిత్రం ఏమిటంటే, వీటోను తోసిపుచ్చిన మర్నాడే సెనేట్ పెద్దలు కొందరు దీనివల్ల రాగల చిక్కుల గురించి ఎవరూ సరిగా ఆలోచించలేదని వాపోయారు. ఓట్లు వేసినవారిలో వారు కూడా ఉన్నారు.

మిత్రదేశం నుంచి ఉగ్రవాదులకు డబ్బు వెళుతోందని తెలిసిన ప్రభుత్వం ఆ మాటను బయటికి చెప్పాలా, లోపల మాట్లాడుకోవాలా, లేక కోర్టులకు వదిలేయాలా? ఒబామా తప్పు చేశారని నా అభిప్రాయం. కాదనేవారి వాదన వినాలని ఉంది.

తూర్పుగాలి:

పాతపుటలు గారూ, మీ ప్రశ్నలోనే ఒక ముడి ఉంది. ముందు దాన్ని విప్పితే మంచిది. "సౌదీ నుంచి డబ్బు వెళ్లింది" అన్న మాటకూ "సౌదీ డబ్బు ఇచ్చింది" అన్న మాటకూ మధ్య చాలా దూరం ఉంది. 2004లో వెలువడిన 9/11 కమిషన్ నివేదిక, సౌదీ ప్రభుత్వం ఒక సంస్థగా గానీ, సీనియర్ అధికారులు వ్యక్తులుగా గానీ అల్ ఖైదాకు నిధులు ఇచ్చినట్టు ఆధారాలు దొరకలేదని చెప్పింది. అదే నివేదిక, ప్రభుత్వ పోషణలో నడిచే ధార్మిక సంస్థల నుంచి సొమ్ము దారి మళ్లి ఉండవచ్చన్న అవకాశాన్ని మాత్రం కొట్టిపారేయలేదు. ఈ రెండు మాటలనూ కలిపి చదవాలి. చాలామంది తమకు నచ్చిన ఒక్కదాన్నే చదువుతారు.

ఆ దాడికి అయిన మొత్తం ఖర్చు నాలుగు నుంచి ఐదు లక్షల డాలర్లని కమిషన్ అంచనా వేసింది. ఒక ప్రభుత్వ బడ్జెట్‌లో ఆ మొత్తం ఎక్కడా కనిపించదు, ఒక ధనికుడి ఖాతాలో కూడా కనిపించకపోవచ్చు. కాబట్టి ఇక్కడ ప్రశ్న ఎంత డబ్బు అన్నది కాదు. ఇచ్చినవాడు ఎవరు, అతడిని ఆపగలిగిన ప్రభుత్వం ఆపిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. 2009 డిసెంబరులో అప్పటి విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ పేరుతో వెళ్లి తరువాత వికీలీక్స్ ద్వారా బయటపడిన దౌత్య సందేశంలో, ప్రపంచవ్యాప్తంగా సున్నీ ఉగ్రవాద ముఠాలకు అతిపెద్ద నిధుల వనరు సౌదీలోని దాతలేనని రాసి ఉంది. "సౌదీలోని దాతలు" అన్న ఎంపికను గమనించండి. అది తోటి అధికారులు చదువుకోవడానికి రాసుకున్న రహస్య పత్రం. అందులోనే అంత జాగ్రత్తగా మాట్లాడినవారు బహిరంగ వేదికపై ఇంకెంత ఆచితూచి మాట్లాడతారో ఊహించుకోవచ్చు.

ఇంకొక సంగతి కూడా ఉంది. సౌదీ వైఖరి నిజంగా మారింది అమెరికా ఒత్తిడి వల్ల కంటే 2003 మే 12న రియాద్‌లోనే బాంబులు పేలడం వల్ల. ఆ తరువాతే మసీదుల్లో నగదు చందాల పెట్టెలను తీయించారు, 2004లో అల్ హరమైన్ అనే పెద్ద ధార్మిక సంస్థను మూయించారు. తన ఇంటికి నిప్పంటుకునే దాకా కదలని మిత్రుడిని బయటివాడు ఎంతవరకు కదిలించగలడు?

ఇనుపగజం:

తూర్పుగాలి గారు చూపిన ఈ తేడాయే సరిగ్గా ఇలాంటి ప్రభుత్వాలు దాక్కునే చాటు. "మేము ఇవ్వలేదు, మా దేశంలో ఎవరో ఇచ్చారు" అనడం ఎంత తేలికో చూడండి. పాకిస్తాన్ ఉదాహరణ తీసుకుందాం. 2004లో అమెరికా దానికి నాటోయేతర ప్రధాన మిత్రదేశం హోదా ఇచ్చింది. 2018 జనవరి 1న ట్రంప్ స్వయంగా చెప్పుకున్న లెక్క ప్రకారం పదిహేనేళ్లలో 33 బిలియన్ డాలర్లకు పైగా ముట్టజెప్పింది. అదే కాలంలో 2011 మేలో బిన్ లాడెన్ అబ్బోటాబాద్‌లో, సైనిక అకాడమీకి కూతవేటు దూరంలో దొరికాడు. ఆ సెప్టెంబరులో అమెరికా త్రివిధ దళాల ప్రధానాధిపతి అడ్మిరల్ మైక్ ముల్లెన్ సెనేట్ కమిటీ ముందు కూర్చుని, అఫ్గానిస్తాన్‌లో అమెరికా సైన్యంపై దాడులు చేసే హక్కానీ ముఠా, పాక్ గూఢచారి సంస్థ ఐఎస్ఐకి ఒక చేయిలా పనిచేస్తోందని చెప్పారు. ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పాలి?

అయినా డబ్బు ఎందుకు ఆగలేదు? ఎందుకంటే అఫ్గానిస్తాన్‌లోని సైన్యానికి తిండి, ఇంధనం కరాచీ రేవు నుంచి తోర్ఖం, చమన్ సరిహద్దు దారుల మీదుగా లారీల్లో వెళ్లేవి. 2011 నవంబరులో సరిహద్దులోని సలాలా వద్ద నాటో దాడిలో 24 మంది పాక్ సైనికులు చనిపోగానే పాకిస్తాన్ ఆ దారులను మూసేసింది. ఏడు నెలల తరువాత, 2012 జులైలో, క్లింటన్ నోట "సారీ" అన్న మాట వచ్చాకే అవి తెరుచుకున్నాయి. దారి వారి చేతిలో ఉన్నంతకాలం ఉగ్రవాదుల ఖాతాల గురించి గొంతు పెంచడం ఎవరి వల్లా కాలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుగా అమెరికా పదేళ్లు గడిపింది. మూల్యం చెల్లించింది మాత్రం ముంబయిలో 2008 నవంబరులో చనిపోయిన 166 మంది లాంటివారు.

లెక్కలపుస్తకం:

నేను చాలా ఏళ్లు ఒక బ్యాంకులో అనుమానాస్పద లావాదేవీలను పరిశీలించే విభాగంలో పనిచేశాను, కాబట్టి దీన్ని కొంచెం కింది నుంచి చూస్తాను. దేశాధినేతల ప్రకటనల వల్ల మా బల్లల మీద ఏ మార్పూ వచ్చేది కాదు. ఉగ్రవాద నిధులు, నల్లధన చలామణిపై నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ ఒక దేశాన్ని గ్రే లిస్టులో, అంటే లోపాలు సరిదిద్దుకోవలసిన దేశాల జాబితాలో, పెట్టిన మర్నాడు మాత్రం మార్పు వచ్చేది. ఆ దేశం నుంచి వచ్చే ప్రతి బదిలీకీ అదనపు పత్రాలు అడగాలి, అసలు యజమాని ఎవరో తేల్చాలి, పైఅధికారి సంతకం తీసుకోవాలి. నిషేధం అన్న మాట ఎక్కడా ఉండదు, కానీ అక్కడి బ్యాంకుతో వ్యాపారం చేయడం ఖరీదైపోతుంది. అక్కడి వ్యాపారులే తమ ప్రభుత్వాన్ని నిలదీయడం మొదలుపెడతారు.

పాకిస్తాన్ 2018 జూన్ నుంచి 2022 అక్టోబరు వరకు ఆ జాబితాలో ఉంది. మొదట 27, తరువాత మరో 7, మొత్తం 34 పనులు అప్పజెప్పారు. అవి "ఉగ్రవాదాన్ని విడనాడండి" లాంటి సుభాషితాలు కావు. ఐక్యరాజ్యసమితి జాబితాలోని ఫలానా సంస్థల ఆస్తులను స్తంభింపజేశారా, సరిహద్దు దాటే నగదును పట్టుకున్నారా, ఎన్ని కేసులు పెట్టారు, ఎన్నింటిలో శిక్షలు పడ్డాయి అని లెక్కగట్టి అడిగే ప్రశ్నలు. 2012 నుంచి తలపై కోటి డాలర్ల అమెరికా బహుమతి ఉండి కూడా బహిరంగ సభల్లో మాట్లాడిన లష్కరే తోయిబా వ్యవస్థాపకుడు హఫీజ్ సయీద్ 2019 జులైలో అరెస్టయ్యాడు, 2020 ఫిబ్రవరిలో అతనికి శిక్ష పడింది. ఏ కేసులో అనుకున్నారు? ముంబయి దాడి కేసులో కాదు, ఉగ్రవాద నిధుల కేసులో. ఖాతా పుస్తకం అడిగినప్పుడు అబద్ధం చెప్పడం, హత్య గురించి అడిగినప్పుడు అబద్ధం చెప్పడం కంటే కష్టం.

యూఏఈ 2022 నుంచి 2024 వరకు, టర్కీ 2021 నుంచి 2024 వరకు అదే జాబితాలో ఉన్నాయని కూడా గుర్తుంచుకోవాలి. టర్కీ నాటో సభ్యదేశం. మిత్రుడిని మిత్రుడే వేలెత్తి చూపనక్కరలేకుండా, అందరూ ఒప్పుకున్న కొలబద్ద చేత చూపించడం ఈ పద్ధతిలోని తెలివి.

ఇనుపగజం:

లెక్కలపుస్తకం గారి అనుభవాన్ని గౌరవిస్తాను, కానీ నాకు అంత ఆశ లేదు. ముంబయి దాడి సూత్రధారుల్లో ఒకడైన సాజిద్ మీర్ చనిపోయాడని పాకిస్తాన్ ఏళ్ల తరబడి చెప్పింది. గ్రే లిస్టు నుంచి బయటపడే గడియ దగ్గర పడగానే ఆ చనిపోయినవాడు బతికి వచ్చాడు. 2022లో నిధుల కేసులో పదిహేనేళ్ల జైలుశిక్ష కూడా పడింది. పరీక్ష రాసే రోజున మాత్రమే పుస్తకం తెరిచే విద్యార్థిని మనం బాగుపడ్డాడని అనం. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. మే 9న, అంటే ఆపరేషన్ సిందూర్ జరుగుతుండగానే, ఐఎంఎఫ్ బోర్డు పాకిస్తాన్‌కు సుమారు బిలియన్ డాలర్ల విడత విడుదల చేసింది. భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉండి తన అభ్యంతరాన్ని నమోదు చేయడంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. మనతో వ్యూహాత్మక భాగస్వామ్యం గురించి గొప్పగా మాట్లాడే దేశాలు ఆ గదిలో చాలానే ఉన్నాయి.

చైనా సంగతి సరేసరి. జైషే మహమ్మద్ నాయకుడు మసూద్ అజహర్‌ను ఐక్యరాజ్యసమితి ఆంక్షల జాబితాలో చేర్చడానికి కమిటీలోని పదిహేను దేశాలూ ఒప్పుకోవాలి. ఒక్క దేశం "సాంకేతికంగా నిలిపి ఉంచుతున్నాం" అంటే చాలు, ఆ దస్త్రం అక్కడే ఆగిపోతుంది. ఆ మాట ఆసరాగానే, పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయాక కూడా మార్చిలో అడ్డుపడి, 2019 మే 1న గానీ చైనా దారి ఇవ్వలేదు.

వెన్నెలదారి:

ఇప్పటిదాకా చర్చ "వాళ్లు" చుట్టూ తిరిగింది. రెండు పాత కథలు చెబుతాను, రెండింటిలోనూ పాత్రలు తారుమారవుతాయి.

1970లు, 80లలో ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ (ఐఆర్ఏ) బ్రిటన్‌లో బాంబులు పేల్చుతున్నప్పుడు, దాని మద్దతుదారులు అమెరికాలోని ఐరిష్ మూలాలున్నవారి దగ్గర బహిరంగంగా చందాలు వసూలు చేశారు. ఖైదీల కుటుంబాలకు సాయమని చెప్పేవారు, ఆయుధాలకే వెళుతోందని బ్రిటన్ అనేది. నోరెయిడ్ అనే ఆ సంస్థ చేత, ఐఆర్ఏ తరఫున పనిచేసే విదేశీ ఏజెంటుగా నమోదు చేయించడానికి అమెరికాకు 1984 దాకా పట్టింది. అంటే అతి సన్నిహిత మిత్రదేశమైన బ్రిటన్ కోణంలో, ఉగ్రవాద నిధులను అరికట్టని దేశం అమెరికాయే. అమెరికా కోర్టులు ఐఆర్ఏ నిందితులను "రాజకీయ నేరం" పేరుతో అప్పగించడానికి నిరాకరించేవి. 1986 ఏప్రిల్‌లో లిబియాపై బాంబులు వేయడానికి తన స్థావరాలను వాడుకోనిచ్చిన బ్రిటన్ ప్రధాని థాచర్ రుణం తీర్చుకోవాలని అమెరికా అధ్యక్షుడు రీగన్ బహిరంగంగానే వాదించారు. ఆ జులైలో సెనేట్ నేరస్తుల అప్పగింతపై అనుబంధ ఒప్పందాన్ని ఆమోదించింది. చందాలు పాపమని ఎవరికో హఠాత్తుగా జ్ఞానోదయం కలగడం వల్ల అది జరగలేదు. ఇచ్చిపుచ్చుకోవడం వల్ల జరిగింది.

రెండవ కథ మనది. 1980ల్లో శ్రీలంక తమిళ సాయుధ ముఠాలకు శిక్షణ, ఆయుధాలు భారత్ గడ్డపైనే దొరికాయి. 1987లో ఆ ముఠాల్లో ఒకటైన ఎల్‌టీటీఈతో మన శాంతి పరిరక్షక దళం యుద్ధం చేయవలసి వచ్చింది, వెయ్యిమందికి పైగా సైనికులు ప్రాణాలు కోల్పోయారు, 1991 మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది. మరుసటి ఏడాది నిషేధం పెట్టాం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెత ఇంత ఖరీదుగా ఎప్పుడూ రుజువు కాలేదు. ఆ తరువాత విదేశాల్లోని తమిళుల నుంచి ఎల్‌టీటీఈ చందాలు వసూలు చేస్తుంటే కెనడా దాన్ని 2006 దాకా నిషేధించకపోవడాన్ని కొలంబో ఎలా చూసి ఉంటుందో, 1985లో ఖలిస్తానీ ఉగ్రవాదుల బాంబుకు ఎయిరిండియా కనిష్క విమానంలో 329 మంది చనిపోయాక కూడా ఖలిస్తానీ సంస్థ బబ్బర్ ఖాల్సా 2003 దాకా కెనడా ఉగ్రవాద జాబితాలోకి ఎక్కకపోవడాన్ని మనం చూసినట్టే చూసి ఉంటుంది.

నిర్వాహకులు:

ఒక మతాన్ని మొత్తంగా నిందించిన రెండు వ్యాఖ్యలను తొలగించాము. చర్చ ప్రభుత్వాల విధానాల గురించి సాగుతోంది, అలాగే సాగనివ్వండి.

తూర్పుగాలి:

వెన్నెలదారి గారు చెప్పిన ఇచ్చిపుచ్చుకోవడానికి కొనసాగింపుగా కతార్ గురించి రాయాలి. ఈ విషయంలో దానికంటే చిక్కైన ఉదాహరణ నాకు తెలియదు.

2018 నవంబరులో కతార్ దూత ఒకరు ఇజ్రాయెల్ మీదుగా గాజాలోకి వెళ్లారు. ఆయన వెంట సూట్‌కేసుల్లో 15 మిలియన్ డాలర్ల నగదు ఉంది. హమాస్ పాలనలోని ఉద్యోగులకు చాలాకాలంగా ఆగిన జీతాలు చెల్లించడానికి ఆ డబ్బు. గాజా పోస్టాఫీసుల ముందు ఉద్యోగులు బారులు తీరారు. హమాస్‌ను ఉగ్రవాద సంస్థగా చూసే ఇజ్రాయెల్ ప్రభుత్వమే ఆ సూట్‌కేసులకు దారి ఇచ్చింది. జీతాలు అందకపోతే గాజాలో ఆకలి, ఆకలి పెరిగితే సరిహద్దులో యుద్ధం అన్నది అప్పటి లెక్క. 2023 అక్టోబరు 7 తరువాత ఆ నిర్ణయం ఇజ్రాయెల్ రాజకీయాల్లో ఎంత పెద్ద ప్రశ్నగా మారిందో అందరికీ తెలిసిందే. ఇప్పుడు చెప్పండి, ఆ 15 మిలియన్లు ఉగ్రవాద నిధులా, మానవతా సాయమా, కాల్పులు జరగకుండా కొనుక్కున్న నెల రోజుల గడువా? నేను ఎన్నిసార్లు ఆలోచించినా మూడూ నిజమేననిపిస్తుంది.

అదే కతార్‌లో అల్ ఉదైద్ అనే భారీ అమెరికా వైమానిక స్థావరం ఉంది. 2014 మార్చిలో అమెరికా ఆర్థిక శాఖ ఉన్నతాధికారి డేవిడ్ కోహెన్ కతార్, కువైట్లు ఉగ్రవాద నిధుల విషయంలో చూసీచూడనట్టు ఉండే ప్రాంతాలని పేరుపెట్టి విమర్శించారు. 2022లో అదే కతార్‌కు నాటోయేతర ప్రధాన మిత్రదేశం హోదా వచ్చింది. తాలిబన్లతో మాట్లాడాలంటే దోహా కావాలి, హమాస్‌తో బందీల గురించి బేరమాడాలన్నా దోహాయే కావాలి. ఉగ్రవాదులతో సంబంధాలు ఉండటమే ఆ మిత్రుడి విలువ అయినప్పుడు, ఆ సంబంధాలు తెంచుకోమని ఏ నోటితో అడుగుతారు?

2017 జూన్‌లో సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఉగ్రవాదాన్ని పోషిస్తోందంటూ కతార్‌ను వెలివేశాయి. వారు పెట్టిన 13 షరతుల్లో అల్ జజీరా చానల్‌ను మూసేయడం కూడా ఉంది. ఉగ్రవాద నిధుల ఆరోపణ నిజమైన సమస్యకే కాక, ఇంటిపోరులో విసురుకునే రాయిగానూ పనికొస్తుందనడానికి ఆ ఒక్క షరతు చాలు. 2021 జనవరిలో అందరూ సౌదీలోని అల్ ఉలాలో కౌగలించుకున్నారు.

పాతపుటలు:

ఈ వాదనలన్నీ చదివాక నా మొదటి అభిప్రాయం కాస్త కదిలిన మాట నిజం, కానీ పూర్తిగా మారలేదు. బ్రిటన్‌లో జరిగిన ఒక సంఘటన వల్ల నాకు భయం. సౌదీతో జరిగిన అల్ యమామా ఆయుధ ఒప్పందంలో లంచాలపై అక్కడి దర్యాప్తు సంస్థ విచారణ చేస్తుండగా, అది ఆపకపోతే ఉగ్రవాద వ్యతిరేక నిఘా సహకారాన్ని నిలిపేస్తామని సౌదీ నుంచి హెచ్చరిక వచ్చింది. 2006 డిసెంబరులో విచారణ ఆగిపోయింది. హైకోర్టు అది తప్పన్నది, 2008 జులైలో ప్రభువుల సభ న్యాయమూర్తులు ప్రభుత్వ నిర్ణయాన్నే సమర్థించారు. అది లంచాల కేసు, ఉగ్రవాద నిధుల కేసు కాదు. కానీ మిత్రుడి దగ్గర ఉన్న నిఘా సమాచారం మన చట్టం నోరు నొక్కే సాధనంగా మారవచ్చని అది చూపింది. 2017లో అదే బ్రిటన్, దేశంలోని తీవ్రవాదానికి విదేశాల నుంచి వచ్చే నిధులపై తానే చేయించిన నివేదికను పూర్తిగా బయటపెట్టడానికి నిరాకరించింది. అమెరికాలో 9/11 దాడులపై కాంగ్రెస్ విచారణ నివేదికలో సౌదీ సంబంధాల గురించి ఉన్న "28 పేజీలు" 2002 నుంచి 2016 దాకా తాళం వేసిన గదిలోనే ఉన్నాయి. పదమూడేళ్లకు పైగా దాచిన ఆ పేజీలు బయటకు వచ్చాక సౌదీ సంబంధాలు కూలిపోలేదు కదా? మరి అన్నేళ్లు దేనికోసం దాచారు?

వెన్నెలదారి:

దేనికోసమో దాని జవాబు 2010 అక్టోబరులో ఉందని నాకనిపిస్తుంది. యెమెన్ నుంచి ప్రింటర్ కాట్రిడ్జుల్లో దాచి పంపిన రెండు బాంబులను సరుకు రవాణా విమానాల్లో పట్టుకున్నారు, ఒకటి ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మిడ్‌లాండ్స్ విమానాశ్రయంలో, ఒకటి దుబాయిలో. ఆ సమాచారం ఇచ్చింది సౌదీ నిఘా విభాగం. నిధుల విషయంలో వేలెత్తి చూపిన దేశమే ఆ రోజు రెండు విమానాలను కాపాడింది. మన అనుభవం కూడా ఇలాంటిదే. ముంబయి దాడి సమయంలో కరాచీ నుంచి ఆదేశాలిచ్చినవారిలో ఒకడైన అబూ జుందాల్‌ను, పాకిస్తాన్ అడ్డుపడ్డా, 2012 జూన్‌లో సౌదీ మనకు అప్పగించింది. 2010లో మన్మోహన్ సింగ్ రియాద్ పర్యటనలో కుదిరిన అవగాహన లేకపోతే అది జరిగేదని నేననుకోను. సౌదీని నాలుగు వేదికల మీద తిట్టి ఉంటే మనకు చప్పట్లు దక్కేవి, జుందాల్ దక్కేవాడు కాదు.

అలాగని మౌనం ఎప్పుడూ బంగారం కాదు. జాబితాలను కూడా రాజకీయంగానే వాడారు. అమెరికా 1982లో ఇరాక్‌ను ఉగ్రవాద పోషక దేశాల జాబితా నుంచి తీసేసింది, కువైట్‌ను ఆక్రమించాక 1990లో మళ్లీ చేర్చింది. మధ్యలో సద్దాం ఏమీ సాధువు కాలేదు, ఇరాన్‌తో యుద్ధం చేస్తున్నాడు, అంతే. ఒకప్పుడు అల్ ఖైదా అనుబంధ ముఠాకు నాయకుడై, 2024 డిసెంబరు దాకా తలపై కోటి డాలర్ల అమెరికా బహుమతి ఉండిన అహ్మద్ అల్ షరా 2025 మేలో సిరియా అధ్యక్షుడిగా ట్రంప్‌తో కరచాలనం చేశాడు.

లెక్కలపుస్తకం:

జాబితాల మాట వచ్చింది కాబట్టి వాటి కింద నలిగేవారి సంగతి కూడా చెప్పాలి. ప్రభుత్వం మిత్రుడితో గట్టిగా మాట్లాడలేనప్పుడు, ఆ గట్టితనాన్ని చిన్నవాళ్ల మీద చూపించడం ఈ రంగంలో ఒక అలవాటు. 2001 నవంబరు 7న అమెరికా అల్ బరకాత్ అనే సోమాలీ డబ్బు బదిలీ సంస్థ కార్యాలయాలను మూయించింది. ఆస్తులు స్తంభించాయి. బ్యాంకులే లేని దేశంలో లక్షల కుటుంబాలకు విదేశాల నుంచి నెలనెలా డబ్బు చేరే దారి ఒక్క రోజులో మూసుకుపోయింది. అల్ ఖైదాతో సంబంధాల ఆరోపణ తరువాత దర్యాప్తుల్లో నిలబడలేదు. యాసిన్ ఖాదీ అనే సౌదీ వ్యాపారి, ఏ ఆధారంతో తన పేరు చేర్చారో చెప్పకుండా ఆస్తులు స్తంభింపజేయడం అన్యాయమని ఐరోపా న్యాయస్థానానికి వెళ్లి 2008 సెప్టెంబరులో గెలిచాడు. మరుసటి ఏడాదే ఐక్యరాజ్యసమితి ఇలాంటి ఫిర్యాదులు వినడానికి ఒక అంబుడ్స్‌పర్సన్ పదవిని పెట్టింది.

నా బల్ల దగ్గరి అనుభవం ఒకటి చెబుతాను. ఒక చిన్న మొత్తం, ఆసుపత్రి ఖర్చులకని రాసి ఉంది, పంపినవారి పేరు జాబితాలోని ఒక పేరుతో కలిసింది. అరబ్బీ పేరును ఇంగ్లీషులో అయిదు రకాలుగా రాయవచ్చు, కంప్యూటర్‌కు అయిదూ ఒకటే. పుట్టిన తేదీ వేరని మొదటి గంటలోనే నాకు అర్థమైంది, కానీ విడుదల చేసే అధికారం నాకు లేదు. ఫైలు మూడు అంతస్తులు తిరిగి వచ్చేసరికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ ఆ మనిషి రోజుకొకసారి ఫోను చేశారు, కారణం చెప్పడానికి నిబంధనలు ఒప్పుకోవు. అదే సమయంలో పెద్ద పెద్ద కంపెనీల ఖాతాలు ఏ గంటా మోగకుండా కదిలిపోయేవి. లఫార్జ్ అనే ఫ్రెంచి సిమెంటు కంపెనీ సిరియాలో తన ఫ్యాక్టరీ నడవడం కోసం ఐసిస్‌కు డబ్బు చెల్లించినట్టు 2022లో అమెరికా కోర్టులో ఒప్పుకుంది, సుమారు 778 మిలియన్ డాలర్లు కట్టింది. మా కంప్యూటర్‌కు ఆ కంపెనీ పేరు ఎప్పుడూ అనుమానంగా అనిపించి ఉండదు.

ఇనుపగజం:

ఆ చివరి వాక్యం బాగా గుచ్చుకుంది. సరే, ఒక సూటి ప్రశ్న. మిత్రుడైనా శత్రువైనా కేసుల సంఖ్య, శిక్షల సంఖ్య అడగాలన్నదే మీ మాట అయితే, అదే ప్రశ్న మనల్ని అడిగితే మన జవాబు ఏమిటి?

లెక్కలపుస్తకం:

అడిగారు కూడా. ఎఫ్ఏటీఎఫ్ భారత్‌పై చేసిన పరస్పర మదింపు నివేదిక 2024 సెప్టెంబరులో వచ్చింది. మొత్తం మీద మంచి మార్కులే పడ్డాయి, మామూలు పర్యవేక్షణ ఉన్న దేశాల వరుసలో ఉంచారు. అయితే ఉగ్రవాద నిధుల కేసుల్లో విచారణలు ముగించి శిక్షలు వేయించడంపై దృష్టి పెట్టాలనీ, కోర్టుల్లో పేరుకుపోయిన కేసుల వల్ల జాప్యం జరుగుతోందనీ, స్వచ్ఛంద సంస్థలపై నియంత్రణ అందరి మీదా ఒకేలా కాక ముప్పును బట్టి ఉండాలనీ కూడా అందులో రాశారు. మన పత్రికల్లో మొదటి సగమే ఎక్కువగా వచ్చింది. పాతపుటలు గారు ఆ నివేదిక మీద వేరే చర్చ మొదలుపెడితే, నా దగ్గరున్న టిప్పణులు అక్కడ పెడతాను.

పాతపుటలు:

రేపు మొదలుపెడతాను. ఒబామా విషయంలో మాత్రం మీరెవరూ నన్ను పూర్తిగా ఒప్పించలేదు. బాధితుల కుటుంబాలకు మిగిలిన దారి కోర్టు ఒక్కటే అయినప్పుడు, ఆ తలుపు కూడా తెరవకూడదని చెప్పే హక్కు ప్రభుత్వానికి ఉందని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు.